ఆయన ఉల్టా నేర్పలేదు

కంట్రోలర్ అంకుల్ పోయాడన్న కబురు నాకు డ్యూటీలో ఉండగా తెలిసింది. పొద్దున పదకొండు దాటింది. నేను పనిచేసేది అంబులెన్సులను పంపే కంట్రోల్ రూములో. తలకు హెడ్‌ఫోను, ఎదురుగా రెండు స్క్రీన్లు. ఒక లైన్లో ఒకామె ఏడుస్తూ చెబుతోంది, వాళ్ళ మామ బాత్‌రూములో జారిపడ్డాడని. ఇంకో లైన్లో మా డ్రైవరు, రైల్వే గేటు దాటినంక ఎటు తిరగాలని అడుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోను వెలిగింది. అంకుల్ కూతురు పంపిన మెసేజ్. "నాన్న పొద్దుగాల పోయిండు. నాలుగింటికి తీస్కపోతరు."

చదివాను. చదివి, "అమ్మా, జెర ఏడుపు ఆపు. ఆయన ఛాతీ లేస్తున్నదా లేదా చూసి చెప్పు" అన్నాను. డ్రైవరును ఎడమకు తిరగమన్నాను. టైము రాశాను. తర్వాతి కాల్ తీసుకున్నాను. రెండింటికి నా సీట్లోకి ఇంకొకరు వచ్చేదాకా హెడ్‌ఫోను తియ్యలేదు. అప్పుడు వెళ్ళి మెట్ల మీద కూలబడ్డాను.

ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. అలా ఆగకుండా పని చేయడం నాకు నేర్పిందే ఆయన. ఆ మాట ఆయనకు నిండుగా ఎన్నడూ చెప్పలేదు. దానికంటే పెద్ద మాట ఇంకొకటి చెప్పాల్సి ఉండె. అది సుత చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సీతాఫల్‌మండిలో ఆయన ఇంటి కింది వాటాలో మేము తొమ్మిదేళ్ళు కిరాయికి ఉన్నాం. పైన ఆయన, ఆంటీ, వాళ్ళ కూతురు. నేను అక్క అని పిలిచేదాన్ని. గల్లీ మొత్తం ఆయనను కంట్రోలర్ సాబ్ అనేది. రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం ఏమిటో మాకెవరికీ తెలియకపోయేది. స్టేషన్లో పచ్చ జెండా ఊపుతాడేమో అనుకునేదాన్ని. ఒకసారి ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు. ఒక గదిలో పెద్ద బల్ల, దాని మీద పరిచిన గ్రాఫు కాగితం. అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్ల పేర్లు. ఒక్కో స్టేషను నుంచి ఫోన్లో చెబుతుంటారు, ఫలానా బండి ఇప్పుడే దాటింది అని. చెవిలో పడ్డదాన్ని పెన్సిలుతో గీతగా గీస్తూ, ఏ గూడ్సును ఎక్కడ పక్కకు పెట్టాలి, ఏ ఎక్స్‌ప్రెస్‌ను ముందు వదలాలి అని అప్పటికప్పుడు చెప్పాలి. చెప్పాలంటే కాలితో కింద ఒక పెడల్ నొక్కాలి. నొక్కితేనే ఆయన గొంతు స్టేషన్లకు వినబడుతుంది. లైను ఒక్కటే కాబట్టి ఆయన ఏమన్నా అందరికీ వినబడుతుంది.

"కొత్తల ఒకనాడు కాలు తియ్యడం మర్చిపోయిన" అని నవ్వేవాడు. "మా పెద్ద సారును తిట్టుకుంటున్న. పన్నెండు స్టేషన్ల మాస్టర్లు ఇన్నరు. వారం రోజులు ఎవడు ఫోన్ చేసినా, సాబ్, కాలు తీసినవా అని అడుగుడే."

ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. ఎవరినైనా రమ్మంటే నాలుగింటికి రమ్మనేవాడు కాదు, నాలుగు పన్నెండుకు రమ్మనేవాడు. నాలుగు పదికి పోతే "ఇంక రెండు నిమిషాలున్నది" అని పేపరు చదువుకునేవాడు. ఇంకో అలవాటు, ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని తిరిగి పలికి గానీ జవాబిచ్చేవాడు కాదు. "అంకుల్, నల్లా బంద్ అయింది" అంటే "నల్లా బంద్ అయింది" అని, ఒక క్షణం ఆగి, అప్పుడు లేచేవాడు. తప్పు వినబడితే బండ్లు గుద్దుకుంటాయి కదా, ఆ భయం రిటైరైనా పోలేదు.

నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తున్నప్పుడు వాయుసేన పైలట్ల రాతపరీక్ష పాసయ్యాను. మా నాన్న బట్టల దుకాణంలో గుమాస్తా, అమ్మ కుట్టుపని. మా ఇంట్లో విమానం ఎక్కినవాళ్ళే లేరు. గల్లీలో మిఠాయి పంచాం. తర్వాత మైసూరుకు పిలుపు వచ్చింది. అయిదు రోజుల ఇంటర్వ్యూలు, ఆటలు, మాటలు. వాటిలో నెగ్గితే ఆఖరున ఒక మిషన్ పరీక్ష. విమానం నడపడానికి పనికొస్తామా లేదా అని చూసేది. ఇంటర్వ్యూలకు ఎన్నిసార్లైనా పోవచ్చు. ఆ మిషన్ పరీక్ష మాత్రం జన్మలో ఒక్కటేసారి. తప్పితే మళ్ళీ కూర్చోనివ్వరు.

మారేడ్‌పల్లిలో ఒక కోచింగ్ సెంటరుకు పోయి అడిగాను. ఇంటర్వ్యూకు తయారు చేస్తాం గానీ మిషన్‌కు మేమేం నేర్పలేమమ్మా, అది పుట్టుకతో రావాలి అన్నారు. మొహం వేలాడేసుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అంకుల్ కూరగాయల సంచితో వస్తూ ఆగాడు.

"ఏందీ, గిట్ల కూసున్నవ్?"

చెప్పాను. స్క్రీను మీద ఒక చుక్క అటూ ఇటూ పోతుంటుంది. దాన్ని చేతిలోని కర్రతో, కాళ్ళ కింది పెడళ్ళతో నడిమధ్యన ఉంచాలి. అదే టైములో పక్కన లైట్లు వెలుగుతుంటాయి, ఎడమచేత్తో ఆర్పాలి. హెడ్‌ఫోనులో అంకెలు చెబుతుంటారు, వాటికి జవాబివ్వాలి. విన్నంతసేపు ఆయన కదలలేదు. నేను చెప్పినదంతా వరసగా తిరిగి పలికాడు. తర్వాత సంచి కింద పెట్టి పెద్దగా నవ్వాడు.

"ఇది నా డ్యూటీనే కదా బిడ్డా! ముప్పై ఏండ్లు చేసిన. పుట్టుకతోని ఎవనికి రాదు. రేపు అయిదు ఇరవైకి పైకి రా."

వెళ్ళాను. వరండాలో చాప. దాని మీద ఒక గ్రాఫు కాగితం, పాములా వంకర్లు తిరిగిన రెండు గీతలు. వాటికి తగలకుండా మధ్యలోంచి కుడిచేత్తో పెన్సిలు నడపాలి. ఎడమచేతి దగ్గర ఒక పళ్ళెంలో పల్లీలు, శనగలు కలిపి ఉన్నాయి. చూడకుండా తడిమి వేరు చెయ్యాలి. ఆంటీ కుర్చీలో కూర్చుని పాత టైంటేబులులోంచి స్టేషన్ల పేర్లు చదువుతుంది. "పేట" అని వచ్చినప్పుడల్లా నేను చెయ్యెత్తకుండా, తలెత్తకుండా "పేట" అనాలి. మధ్యమధ్యలో అంకుల్ ఎక్కాలు అడుగుతాడు. ఇవన్నీ చాలవన్నట్టు ఆంటీ తనంతట తాను "కింది వాటా వాళ్ళు మోటరు బంద్ చేసిన్రా లేదా" అని కలిపేది. నేను తలెత్తేదాన్ని. పెన్సిలు గీత దాటేది.

మొదటిరోజు పల్లీలు చాప నిండా పడ్డాయి. ఒక్క "పేట" కూడా పట్టుకోలేదు. ఏడుపొచ్చింది. అంకుల్ కిందపడ్డ పల్లీలు ఏరి నోట్లో వేసుకుంటూ అన్నాడు.

"ఒక్కసారే అన్నీ చెయ్యాలని చూస్తున్నవ్. ఎవ్వరు చెయ్యరు బిడ్డా. నేను సుత చెయ్యలే. ఒకదాని కాడికి పోవాలె, చూడాలె, ఇంకోదాని కాడికి పోవాలె. జల్ది జల్ది తిరుగుతుంటే చూసేటోళ్ళకు అన్నీ ఒక్కపారే చేసినట్టు కొడ్తది. గంతే ముచ్చట."

ఆ ఒక్క మాటతో నా బుర్రలో ఏదో తెరుచుకుంది. రెండో వారానికి గీత దాటడం తగ్గింది. నెల తిరిగేసరికి పళ్ళెం వైపు చూడకుండా శనగలు వేరు చేస్తూ, పద్దెనిమిదో ఎక్కం చెబుతూ, ఆంటీ మోటరు సంగతి ఎత్తితే "బంద్ చేసినం ఆంటీ" అని జవాబు కూడా చెప్పేదాన్ని. ఆంటీకి కోపం వచ్చేది, తాను ఓడిపోయినట్టు.

ఇంకొకటి కూడా చెప్పేవాడు. ఏదైనా తప్పిపోతే నాకు మొహం మాడిపోయేది. ఆ మాడిపోయిన మొహంతోనే మరో రెండు పోగొట్టుకునేదాన్ని. "తప్పిపోయినదాన్ని చూడకు. అది దాటిపోయింది, ఇంక నీ సెక్షన్ల లేదు. వచ్చేదాన్ని చూడు." ఆయన ఉద్యోగంలో ఒకనాడు ఒక స్టేషను మాస్టరుతో వాదులాటలో పడి, ఇంకో స్టేషను నుంచి ఎవరో పిలుస్తున్నా పలకలేదట. ఒక ప్యాసింజరు ఎండలో ముప్పావుగంట నిలబడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. "కాని ఆ పిలిచినాయన గొంతు యాదికున్నది నాకు. కంట్రోల్, కంట్రోల్ అని పిలుస్తనే ఉన్నడు పాపం" అన్నాడు.

ఇంక అసలు సంగతికి వస్తాను.

ఒకరోజు ఆయన నన్ను కూర్చోబెట్టి, నా కాళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "చేతులు చెప్పినట్టు ఇంటయి. చెవులు అలవాటు పడ్తయి. కాళ్ళు ఇనయి. కాళ్ళకు ఏరే నేర్పాలె." రెండు రోజులు వడ్రంగి దుకాణానికి తిరిగి ఒక చెక్క తయారు చేయించుకొచ్చాడు. రెండడుగుల పొడవు. కింద నడిమధ్యలో ఇనుప కడ్డీ. ఎడమ పాదం నొక్కితే ఎడమ వైపు దిగుతుంది, కుడి వైపు లేస్తుంది. దానికి దారం కట్టి, ఎదురుగా కుర్చీకి అట్టముక్కతో చేసిన బాణం వేలాడదీశాడు. కాలు నొక్కిన వైపు బాణం తిరుగుతుంది. ఆయన దారాన్ని అటూ ఇటూ లాగుతుంటాడు, నేను కాళ్ళతో బాణాన్ని నడిమికి తేవాలి. పెన్సిలూ పల్లీలూ మామూలే.

నాకు రాలేదు. ఎడమకు పోయిన బాణాన్ని కుడికి తేవాలంటే ఏ కాలు అన్నది ఆలోచించి చెయ్యాల్సి వచ్చేది. ఆలోచించేలోపే ఆయన దారం ఇంకో వైపు లాగేవాడు. పైగా వరండా రోడ్డుకే. ఎదురింటివాళ్ళు చూసి "ఏం బిడ్డా, విమానం లేస్తున్నదా?" అని నవ్వేవారు. చేతుల పని బాగా వచ్చింది కదా, కాళ్ళు అక్కడికి పోయాక వాటంతట అవే వస్తాయిలే అనుకున్నాను. మైసూరుకు ఇంకా మూడు వారాలుండగా అంకుల్‌తో అన్నాను, చెక్క కిందికి తీసుకుపోయి మా ఇంట్లోనే ప్రాక్టీసు చేస్తానని. ఆయన సంబరపడి తానే మోసి తెచ్చి పెట్టాడు. నేను దాన్ని మంచం కిందికి తోశాను. మళ్ళీ తియ్యలేదు.

రోజూ సాయంత్రం అడిగేవాడు. "కాళ్ళు అయినయా?"

"అయినయ్ అంకుల్."

"కాళ్ళు అయినయ్" అని తిరిగి పలికి, తృప్తిగా తలూపేవాడు. ఇరవై రోజులు. ఇరవై అబద్ధాలు.

మైసూరులో అయిదు రోజులూ గట్టెక్కాను. మిగిలిన కొద్దిమందిలో నా నంబరు ఉంది. మిషన్ ఉన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెట్టారు. మొదట చేతులు, చెవులు. నిజంగా చెబుతున్నాను, నాకు మా వరండాలో కూర్చున్నట్టే ఉంది. లైట్లు ఆరుతున్నాయి, అంకెలకు జవాబులు పడుతున్నాయి, చుక్క నేను చెప్పినట్టు వింటున్నది. తర్వాత కాళ్ళు కలిశాయి. చుక్క ఎడమకు జారింది. ఎడమ కాలు నొక్కాను. అంకుల్ కట్టిన బాణంలాగే ఇంకా ఎడమకు పోయింది. కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కాను. చుక్క అంచుకు పోయి అక్కడే నిలబడింది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. పక్కన లైట్లు వెలిగి వెలిగి పోయాయి. హెడ్‌ఫోనులో అంకెలు ఎవరికో చెబుతున్నట్టు వినబడ్డాయి. వదిలెయ్, వచ్చేదాన్ని చూడు అని ఆయన చెప్పింది గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా కళ్ళు దాని మీంచి రాలేదు.

కాసేపటికి పాసైన నంబర్లు చదివారు. నాది లేదు.

సికింద్రాబాద్ స్టేషన్లో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద అంకుల్ నిలబడి ఉన్నాడు. బండి నలభై నిమిషాలు లేటని ఆయనకు ముందే తెలుసు. అయినా అసలు టైముకే వచ్చి నిలబడ్డాడట. ఫోన్లో ఫెయిలయ్యానని మాత్రమే చెప్పాను కాబట్టి ఆయన మొహంలో నవ్వు లేదు. నా చేతిలోని బ్యాగు తీసుకున్నాడు.

"ఏడ తప్పింది బిడ్డా?"

ఆయన అడగడంలో నింద లేదు. లెక్క తప్పిన పిల్లను ఏ మెట్టు దగ్గర తప్పావని అడిగినట్టు అడిగాడు. నేనే మండిపోయాను. అయిదు రోజుల అలసట, జన్మలో ఇక లేదన్న బాధ, ఆ ఇరవై అబద్ధాల భయం, అన్నీ కలిసి నోట్లోంచి ఊడిపడ్డాయి.

"కాళ్ళ దగ్గర తప్పింది అంకుల్. మీరు ఉల్టా నేర్పిండ్రు. అక్కడిది వేరే. రైళ్ళ పని వేరు, విమానం వేరు. మీ దగ్గరికి రాకుండా ఉంటే పాసయ్యేదాన్ని."

ఆయన బ్యాగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చుట్టూ కూలీలు, ట్రాలీలు, దిగేవాళ్ళ అరుపులు. "ఉల్టా నేర్పిన" అన్నాడు. ఒక క్షణం ఆగాడు. "నిజమే బిడ్డా. నాకు విమానం సంగతి ఏం తెలుసు. నేను అడిగి తెలుసుకోవాల్సి ఉండె."

ఆటోలో నా బ్యాగు ఆయన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఆయన కిందికి వచ్చి చెక్క అడిగాడు. అమ్మ మంచం కింద నుంచి లాగింది. నెలరోజుల దుమ్ము. అమ్మ చేతిలోంచి తీసుకుని, లోపలి గదిలోకి పోయి, నా చున్నీతో శుభ్రంగా తుడిచి అప్పుడు ఆయనకిచ్చాను. ఆయనకు కనబడొద్దని. నేను చేసిన పనుల్లో ఈ రోజుకీ నాకు మింగుడుపడనిది అది. నోరు జారడం వేరు. దుమ్ము తుడవడం వేరు.

ఆ సాయంత్రం మా పైకప్పు మీద టక్, టక్ అని చెక్క చప్పుడు. ఆగి, మళ్ళీ టక్. ఆంటీ అమ్మతో చెప్పింది, "ఏడ ఉల్టా అయిందో చూస్తున్నడు. అన్నం తినమంటే తింటలేడు." నేను పక్కగదిలోనే ఉన్నాను. పైకి ఎక్కాల్సింది పద్దెనిమిది మెట్లు. ఎక్కలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన పాత దోస్తు ఒకాయన తన మనవరాలిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అమ్మాయి కూడా పైలట్ పరీక్షకే. "నాతోని కాదు" అన్నాడట అంకుల్. "ఒక పిల్ల జిందగీ ఖరాబ్ చేసిన. ఇంక ఎవ్వరికి నేర్ప." ఈ మాట అక్క నాతో చెప్పింది, నన్ను తప్పు పట్టడానికి కాదు, వాళ్ళ నాన్న ఎంత బాధపడుతున్నాడో చెప్పడానికి. నేను తల వంచుకుని విన్నాను.

ఆ ఏడే మేము యాప్రాల్‌కు మారిపోయాం. నాకు ఈ ఉద్యోగం దొరికింది. మొదటిరోజు హెడ్‌ఫోను పెట్టి, నాలుగు లైన్లు ఒకేసారి మోగుతుంటే, పక్కన కొత్తగా చేరినవాళ్ళు వణికిపోతుంటే, నా చేతులు వాటంతట అవే పని మొదలుపెట్టాయి. ఒకదాని దగ్గరికి పోవడం, చూడటం, ఇంకోదాని దగ్గరికి పోవడం. తెలియకుండానే అవతలివాళ్ళు చెప్పిన అడ్రసును తిరిగి పలుకుతున్నాను. ఒక ప్రాణం దక్కలేదని తెలిసిన నిమిషంలోనే ఇంకో ఫోను ఎత్తాల్సి వస్తుంది ఇక్కడ. ఎత్తగలుగుతున్నానంటే అది ఆయన వరండా చలవ. ఆదివారం పోయి చెబుతాను అనుకున్నాను. ఆదివారం డ్యూటీ పడింది.

నా పెళ్ళికి ఆయన, ఆంటీ వచ్చారు. అక్షింతలు వేసి, మా ఆయన చెయ్యి పట్టుకుని నవ్వుతూ అన్నాడు, "మంచిగ చూస్కో బేటా. నా వల్లనే ఈమె పైలట్ కాలేకపోయింది. నేను ఉల్టా నేర్పిన." మా ఆయన ఏదో జోకనుకుని నవ్వాడు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉండిపోయాను. అప్పుడు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. పక్కన ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి మేడమ్" అంటున్నాడు. అటు చూశాను.

ఆఖరుసారి కలిసింది మొన్న వానాకాలంలో. ఆయన బాగా చిక్కిపోయాడు గానీ కళ్ళు అవే. నా పని గురించి అడిగాడు. ఊరికే మర్యాదకు కాదు, సాటి ఉద్యోగి అడిగినట్టు. స్క్రీను మీద ఏమేం కనబడతయి? బండి యాడున్నదో ఎట్ల తెలుస్తది? రెండు బండ్లు ఒకే దవాఖానకు పోతుంటే ఎవరికి చెప్తవ్? గంటన్నర చెప్పించుకున్నాడు. మధ్యలో ఆంటీ రెండుసార్లు చాయ్ తెచ్చింది, ఆయన సాసరులో పోసుకుని తాగడం మర్చిపోయి వినేవాడు.

"ఇదంతా మీరు నేర్పిందే అంకుల్" అన్నాను. అంతవరకు అనగలిగాను.

"లే బిడ్డా, అది నీ అకల్, నీ తెలివి" అని నవ్వాడు. "నాది ఉల్టా కదా."

నా గొంతుదాకా వచ్చింది. మీరు నేర్పింది సరైందే, నేనే చెయ్యలేదు, చేశానని రోజూ అబద్ధం చెప్పాను, ఆ తప్పు మీ నెత్తిన పెట్టాను. ఇన్ని మాటలు. ఇంతలో మా ఆయన ఫోన్, వాన పెద్దదవుతోంది, జల్ది రమ్మని. మళ్ళీ వస్తా కదా అనుకున్నాను. తీరిగ్గా చెబుదాం, ఇలా గుమ్మంలో నిలబడి కాదు అనుకున్నాను. గొడుగు విప్పుకుని దిగిపోయాను. రెండు నెలలకు ఈ మెసేజ్.

ఆ రోజు నాలుగింటిలోపే చేరుకున్నాను. ఆయన మొహం ప్రశాంతంగా ఉందని అందరూ అన్నారు. నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

పదకొండో రోజు పొద్దున్నే వెళ్ళి, వంటింట్లో ఆంటీ ఒక్కతే ఉన్నప్పుడు అంతా చెప్పాను. ఇరవై రోజులు, మంచం కింద చెక్క, దుమ్ము తుడవడం, అన్నీ. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ విన్నది. నన్ను తిడితే బాగుండుననిపించింది.

"నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా?" అంది చివరికి. "ఆయన బదులు మాఫ్ చేసుడు నాతోని కాదు. అది ఆయనదే."

"మరి నేనేం చెయ్యాలె ఆంటీ?"

"ఆయన అందరికి చెప్పుకున్నడు, తప్పు నాదని. రైల్వే దోస్తులకు, చుట్టాలకు, ఆఖరికి పాలాయనకు సుత. వాళ్ళంత ఇయ్యాల భోజనానికి వస్తున్నరు." తొడిమలు చేటలోకి నెట్టి లేచింది. "వాళ్ళకు చెప్పు."

డాబా మీద షామియానా వేశారు. మధ్యాహ్నం వరసగా కూర్చున్నారు, ఎక్కువమంది ఆయనతో పనిచేసి రిటైరైనవాళ్ళే. అక్క అందరికీ వడ్డించి పక్కకు జరిగింది. నేను లేచి నిలబడ్డాను. రోజూ ఎంతమందితోనో మాట్లాడే గొంతు నాది, ఆ పూట లేవలేదు. ఎలాగో చెప్పాను. పెద్దమనుషులారా, అంకుల్ నా గురించి మీకొక మాట చెప్పి ఉంటాడు, అది నిజం కాదు అని మొదలుపెట్టి, ఆగి ఆగి, ఏడవకుండా మొత్తం చెప్పాను. ఎవరూ ముద్ద ఎత్తలేదు. అక్క గరిటె పట్టుకుని నా వైపు చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. తర్వాత ఒక్కొక్కరూ నెమ్మదిగా తినడం మొదలుపెట్టారు.

వరస చివర బాగా ముసలాయన ఒకాయన. చెవులు సరిగా వినబడవు. పక్కనున్నాయనను అడిగాడు, ఆయన విస్తరిలోంచి తలెత్తలేదు. అటు తిరిగి, ఇటు తిరిగి, గోడవారగా కుర్చీలో ఉన్న ఆంటీని అడిగాడు.

"ఏమంటది ఆ పిల్ల?"

ఆంటీ లేచింది. ఆయన దగ్గరికి నడిచి, భుజం మీద చెయ్యి వేసి, వంగి, డాబా అంతా వినబడేలా చెవిలో అరిచి చెప్పింది.

"ఆయన సరిగ్గనే నేర్పిండట!"

ముసలాయన ఒక్కసారి తల పైకెత్తి ఆమెను చూశాడు. "నేర్పడా మరి!" అని, మళ్ళీ పప్పు కలుపుకోవడంలో పడ్డాడు. ఆంటీ మాత్రం నడుము ఎత్తలేదు. ఆయన భుజం పట్టుకుని, అలాగే వంగి, చాలాసేపు ఉండిపోయింది.